గొట్టంలో ప్రదక్షిణ

నేను ఒక స్ప్రింగును. గడియారం కడుపులో ముడుచుకుని కూర్చునే జాతి వేరు, మంచాల్లో పడుకుని మనుషుల్ని ఊపే జాతి వేరు. నాది మురుగు జాతి. మీ ఇంట్లో వాడకం నీళ్ళు దిగకుండా నిలబడిపోయినప్పుడు, మీరు ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో గొట్టంలోకి దించే పొడవాటి ఉక్కు చుట్టను నేనే. నాకు ఒక కొసన సూదిగా మెలి తిరిగిన ముక్కు ఉంటుంది, రెండో కొసన వంకర పిడి. నన్ను చూసి ముచ్చటపడినవాళ్ళు లేరు. నా అవసరం పడిన ఇంట్లో నవ్వుతూ ఎదురొచ్చినవాళ్ళూ లేరు.

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. ఉక్కు తీగను ఒక కడ్డీ చుట్టూ తిప్పి తిప్పి చుట్టారు. చుట్టడం అయ్యాక ఆ కడ్డీని లాగేశారు. అది పోయాక నా మధ్యన మిగిలింది ఖాళీ. ఆ ఖాళీని పట్టుకునే ఇంతకాలం నిలబడ్డాను. భగవంతుడు మనుషుల్ని కూడా ఇలాగే చేశాడేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ముందు ఏదో ఆధారం చుట్టూ తిప్పుతాడు. తరవాత దాన్ని మెల్లగా లాగేస్తాడు. ఎందుకలా చేస్తాడో అడిగే చదువు నాకు లేదు.

గోనెసంచిలో కట్టి లారీలో వేస్తే మండపేట వచ్చి పడ్డాను. పేర్రాజుగారి ఇనుపసామాను కొట్లో, కొబ్బరితాళ్ళకీ బావి గిలకలకీ మధ్య ఒక మేకుకు తగిలించారు. చాలాకాలం ఎవరూ కొనలేదు. ఇంట్లో ఎప్పుడో ఒకసారి వచ్చే కష్టానికి జీవితాంతం వస్తువు కొని పెట్టుకోవడం మన వాళ్ళకు అపశకునంలా ఉంటుంది. అందుకని పేర్రాజుగారు నన్ను అద్దెకివ్వడం మొదలుపెట్టారు. తీసుకెళ్ళినవాళ్ళు ఆధార్ కార్డు కొట్లో వదిలి వెళ్ళాలి. ఆ కార్డులో ఫొటో చూసి, నేను వాళ్ళింట్లో ఉన్నంతసేపూ వాళ్ళ మొహం ఇక్కడ నా మేకు కింద ఉంటుందన్నమాట అనుకునేదాన్ని.

అలా చాలా గుమ్మాలు తొక్కాను. ఇళ్ళ ముందు ముగ్గులు, గుమ్మాలకు తోరణాలు, గోడలకు దేవుడి పటాలు. గొట్టాల్లో మాత్రం అందరిదీ ఒకటే సంసారం. అన్నం మెతుకులు, వెంట్రుకలు, సబ్బుముక్కలు, ఎప్పుడో పోయిందని పనిమనిషిని తిట్టిన చెవిదుద్దు. ఒక ఇంట్లో గుప్పెడు తెల్లవెంట్రుకలు లాగాను. ఆ ఇంట్లో తెల్లజుట్టు ఉన్నది ఒక్క పెద్దాయనకే. ఆయన వాటిని తేరిపార చూసి, "ఇవి ముందున్న అద్దెవాళ్ళవై ఉంటాయి" అన్నారు. అందరూ తలూపారు. నేను పిడి కిందికి వేసి గోడకు ఆనుకుని ఉండిపోయాను.

ఒక కార్తీకమాసంలో, శనివారం సాయంత్రం, అబ్బులు కొట్టుకొచ్చాడు. పెళ్ళిళ్ళలో ఊరేగింపుల్లో క్లారినెట్ వాయించే మనిషి. బ్యాండుమేళం ఎర్రకోటు ఇంకా విప్పలేదు. ప్యాంటు మాత్రం మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"పేర్రాజుగారండీ, ఆ స్ప్రింగోటి ఇత్తారేంటండి? రేపు మధ్యాన్నానికి తెచ్చేత్తాను."

"ప్లంబర్ని పిలవలేకపోయావా అబ్బులూ?"

"పిలిచానండి. గచ్చు పగలగొడితేగానీ అవదన్నాడండి. మా ఆవిడ ఉత్తిమనిషి కాదు కదండీ, ఏడో నెల. ఆడమనిషి అలాగున్నప్పుడు ఇంట్లో గునపం దించకూడదని పైనమ్మగారు ఒప్పుకోలేదండి."

"అదీ నిజమే. సరే పట్టుకెళ్ళు. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు కుడేపే తిప్పాలి. ఎడమేపు తిప్పావనుకో, చుట్టలు విప్పుకుపోతాయి. అప్పుడింక అది నీదే, నాకొద్దు."

"ఆయ్."

సైకిలు హ్యాండిలుకు నన్ను తగిలించుకుని సంత వెనక వీధిలోకి తీసుకెళ్ళాడు. అది రెండంతస్తుల ఇల్లు. పైభాగంలో ఇంటి యజమానురాలు భాస్కరమ్మగారు ఉంటారు. భర్త పోయారు. పూజే ఆవిడ కాలక్షేపం, పూజే ఆవిడ కాపురం. కింద రెండు గదుల్లో అబ్బులూ, అతని భార్య లోవకుమారీ అద్దెకు ఉంటున్నారు. పైన వాడిన నీళ్ళన్నీ ఒక నిలువు గొట్టంలో కిందికి దిగి, లోవ గిన్నెలు తోముకునే చప్టా కిందినుంచి వీధి కాలవలోకి పోవాలి. కొన్నాళ్ళుగా అవి పోవడం లేదు. పైన ఆవిడ స్నానం చేస్తే కింద లోవ పాదాలు తడుస్తున్నాయి. చప్టా జల్లెడలోంచి నీళ్ళు బుడగలేసుకుంటూ పైకొచ్చి వంటింట్లోకి పాకుతున్నాయి.

ఆ రాత్రి నన్ను గోడకు జారేసి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలవల్ల మిగతా సంగతి తెలిసింది. నీళ్ళు మొదటిసారి ఎగదన్నిన రోజున భాస్కరమ్మగారు మెట్ల మీదనుంచి అన్నారట.

"చేపల పొలుసూ ముళ్ళూ గొట్టంలో పోస్తే గంగమ్మ తల్లయినా ఎలా దిగుతుందే?"

"మాసం మొదలైన కాణ్ణించీ మేం నీసు ముట్టలేదండమ్మగారూ," అంది లోవ.

"ఈ మాసం తినలేదు సరే, పోయిన మాసం తినలేదా? చూడమ్మా, నాకు ఎవరిమీదా కక్ష లేదు. పూజ చేసుకునే ఇంటి కింద మురుగు నిలబడకూడదు. పోలి పాడ్యమి లోపల ఇల్లు చూసుకోండి."

పోలి పాడ్యమి అంటే కార్తీకమాసం వెళ్ళిపోయాక వచ్చే తొలి ఉదయం. ఆడవాళ్ళు తెల్లారకముందే అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదిలే రోజు. ఆ రోజు దగ్గరకొచ్చేసింది.

కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో గునపం దించకూడదని చెప్పిన ఆచారమే, ఆ మనిషిని ఇల్లు మార్చకూడదని కూడా చెబుతుంది. భాస్కరమ్మగారికి ఆ సంగతి తెలియక కాదు. మొదటి మాట పట్టుకుని రెండో మాట వదిలేశారు. ఆచారాల విషయంలో మనుషులు కూరగాయల బజారులోలాగే ఉంటారు, ఏరుకుంటారు. ఆవిడ చెడ్డమనిషి అని నేను అనను. లోవకు వాంతులవుతున్న నెలల్లో ఊరమిరపకాయలూ చింతకాయ తొక్కూ పైనుంచి వచ్చాయని ఆ రాత్రి లోవే చెప్పింది.

వెళ్ళడానికి వాళ్ళకు చోటు లేదు. లోవకు తల్లి లేదు. తొలి పురుడు పుట్టింట్లో జరగాలి, కానీ అన్న ఇంటికి వెళితే వదినె గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపింది. అద్దె ఇళ్ళు చూడబోతే ప్రతివాళ్ళూ లోవ కడుపుకేసి చూసి "ఎన్నో నెల?" అని అడిగి, తరవాత, "మొన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారమ్మా" అనేవారు. పురిటిమైల తెలిసి తెలిసి ఎవరు తెచ్చుకుంటారు?

"రేపు అది దిగకపోతే ఏం చేత్తావు?" అంది లోవ.

"దిగుద్ది."

"దిగకపోతే?"

అబ్బులు క్లారినెట్ తీసి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. మూలన రెండు మూటలు అప్పటికే కట్టి ఉన్నాయి. నేను ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను గానీ, నేను ఓడిపోతే ఒక మనిషి ఇల్లు పోయే చోటికి వెళ్ళడం అదే మొదలు.

ఆదివారం ఉదయం అబ్బులు లుంగీ ఎగ్గట్టి చప్టా మీద కూర్చున్నాడు. అతని మేళంలో డోలు వాయించే గన్నియ్య సాయానికొచ్చాడు. సాయం కన్నా మాటలే ఎక్కువ తెచ్చాడు.

"బావా, ఆ స్ప్రింగెందుకు? నీ క్లారినెట్ పెట్టి ఊదు. నీ అపశ్రుతికి లోపలున్నది అదే పారిపోద్ది."

"నీ డోలు దరువుకు ఇప్పటికే ఊళ్ళో సగం మంది పారిపోయారు, వాళ్ళ సంగతి ముందు చూడు," అన్నాడు అబ్బులు.

మూడు రోజుల క్రితం అబ్బులు సైకిల్ పంపుకు గుడ్డ చుట్టి జల్లెడలో పెట్టి కొట్టాడట. గొట్టం ఊరుకోలేదు, తిరిగి ఇతని మొహానే కొట్టింది. మరిగే నీళ్ళూ సోడా కూడా పోశారు. ఆ వేడినీళ్ళు కూడా చల్లారి వంటింట్లోకే వచ్చాయి.

జల్లెడ తీసి నా ముక్కును లోపలికి దించారు. తిప్పడం మొదలుపెట్టారు. ప్రదక్షిణ అన్నారే పేర్రాజుగారు, ఆ మాట నాకు బాగా నచ్చింది. నేను చేసేది అదే. గర్భగుడి కనిపించదు, దీపం ఉండదు, తిరుగుతూ తిరుగుతూ ముందుకు పోవడమే. మొదటి వంపు దాటాను. రెండో వంపు దాటాను. అక్కడ ఏదో తగిలింది.

నా వృత్తిలో తాకిడిని బట్టి వస్తువు తెలుస్తుంది. జిడ్డయితే జారుతుంది. రాయి అయితే ఖంగుమంటుంది. వెంట్రుకలు పట్టుకుంటాయి గానీ లాగితే వస్తాయి. పొలుసు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది నీళ్ళకన్నా ముందు పరుగెత్తుతుంది. ఇది వీటిలో ఏదీ కాదు. మెత్తగా, నారనారగా, బరువుగా ఉంది. నేను దానిలోకి ఒక చుట్టు తిరిగితే అది నా మీద రెండు చుట్లు తిరిగింది. పైన అబ్బులు ఏదో కదిలిందనుకుని హుషారుగా తిప్పాడు. ఎంత తిప్పితే అంత గట్టిగా నన్ను నేనే కట్టేసుకున్నాను.

తరవాత కదలలేదు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"లాగు బావా!"

"లాగుతుంటే కనబట్టం లేదేంటి?"

"కనబడుతుంది, నీ మొహమే సాగుతుంది, అది సాగట్లేదు."

ఎంతసేపు లాగారో చెప్పలేను, చీకట్లో పొద్దు తెలియదు. చివరికి వదిలేసి పక్కన కూలబడ్డారు. లోపల నేను, బయట వాళ్ళు. ఇంతకుముందు నీళ్ళు కొంచెమైనా ఊరి పోయేవి. ఇప్పుడు నేను బిరడాలా బిగుసుకున్నాను. సాయం చెయ్యడానికి వచ్చి దారి పూర్తిగా మూసిన దాన్నయ్యాను.

ఇరుక్కుపోవడం గురించి మనుషులు చాలా మాట్లాడతారు. సంసారంలో ఇరుక్కున్నామంటారు, మాటలో ఇరుక్కున్నామంటారు. అలా అనడానికి వాళ్ళకు కనీసం నోరు కదులుతుంది. నాకు చుట్టూ గొట్టం, వంటి నిండా నార, కొసలో పీచు. దేవుడా, పుట్టించినప్పుడే నాలో ఇంత ఖాళీ పెట్టావు కదా, ఆ ఖాళీలోకి కూడా ఈ బురదే దూరాలా అనుకున్నాను. ఇంతలో పైనుంచి నీళ్ళు వచ్చాయి.

భాస్కరమ్మగారి ఉదయం పూజ అయినట్టుంది. ఆ నీళ్ళలో పసుపు వాసన, కర్పూరం వాసన, ఆవునెయ్యి వాసన. ఒక బంతిపువ్వు రేక వచ్చి నా ముక్కుమీద వాలింది. అంత చీకట్లో అంత మంచి వాసన. దాని వెనక ఇంకేదో బరువుగా దిగి నా మీద కూర్చుంది. నన్ను కట్టేసినది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆ నీళ్ళు వెళ్ళే దారి లేక చప్టా మీదికి పొంగాయి. గ్యాస్‌పొయ్యి ఎత్తండి, బియ్యం డబ్బా ఎత్తండి అని కేకలు వినిపించాయి. తరవాత లోవ చప్టా అంచున వచ్చి కూర్చుంది. గొట్టంలోకి ఆవిడ గొంతు చాలా దగ్గరగా వచ్చింది.

"తన్నకమ్మా. కొంచెం ఓర్చుకో. మీ నాన్న లాగుతున్నాడు కదా."

ఆవిడ మాట్లాడేది నాతో కాదు. తెలిసి కూడా నేను కొంచెం ఓర్చుకున్నాను.

అబ్బులు పెరట్లోకి వెళ్ళి పైకి కేకేశాడు. "అమ్మగారండీ! నీళ్ళొదలకండీ! స్ప్రింగు ఇరుక్కుపోయిందండీ!"

కాసేపటికి మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగుతున్న చప్పుడు. మోకాళ్ళ నొప్పులవల్ల ఆవిడ కిందికి దిగి నెలలైందట. గన్నియ్య కుర్చీ వేశాడు. ఆవిడ మడిచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని కూర్చున్నారు.

"ఏం చేశారయ్యా నా గొట్టాన్ని?"

"ఏదో పట్టేసిందండి లోపల."

"ఏదో ఏమిటి? నేను చెప్పలేదూ? లాగండి, నా కళ్ళతో చూస్తాను. పొలుసు బయటపడిందంటే పాడ్యమి దాకా కూడా ఆగను, సాయంత్రానికే సామాను ఎత్తండి. పడకపోతే..."

"పడకపోతే ఏంటండమ్మగారూ?" అని లోవ నెమ్మదిగా అడిగింది.

"పడకపోవడమేమిటి! లాగండి."

అబ్బులు పిడి పట్టుకుని ఎడమవైపు తిప్పాడు. పేర్రాజుగారు చెప్పింది మరిచిపోయి కాదు. ఇంక వేరే దారి లేక తిప్పాడు. జీవితమంతా ఒకవైపే తిరిగిన నన్ను అపసవ్యంగా తిప్పేసరికి నా చుట్టలు ఒక్కొక్కటే నోరు తెరిచాయి. నొప్పి అనే మాట నాకు తగునో లేదో తెలియదు. గన్నియ్య అబ్బులు నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ తాడాటలో లాగినట్టు వెనక్కు లాగారు. నేను సాగాను. సాగుతూ, చుట్టలు విప్పుకుపోతూ, వంపులకు రాసుకుంటూ ఒక్కసారిగా బయటికొచ్చి పడ్డాను. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. నా వెనక గొట్టం పెద్దగా గుటక వేసింది. చప్టా మీది నీళ్ళన్నీ గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయాయి.

నా ముక్కుకు ఒక పిల్లవాడంత బరువున్న ముద్ద వేలాడుతోంది.

అందరికన్నా ముందు అరిచింది భాస్కరమ్మగారే. "తొక్కకండి! ఎవరూ తొక్కకండి!"

అవి అరటి దొప్పలు. నల్లబడి, నారలుగా చీలి, జడలా అల్లుకుపోయాయి. వాటిలో చిక్కుకుని వందల కొద్దీ పత్తి ఒత్తులు, సగం కాలినవి, నూనె తాగి ఉబ్బినవి. పూలదండల దారాలు. అక్షింతలు. కొబ్బరిపీచు. ఈ కార్తీకమాసంలో వదిలినవి, దానికి ముందు కార్తీకాలవి కూడా కాబోలు.

గన్నియ్య లేచి లుంగీ దులుపుకున్నాడు. ముద్దను చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

భాస్కరమ్మగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. ఒక ఒత్తిని తీసి వేళ్ళ మధ్య పెట్టుకున్నారు. ప్రతి ఒత్తి చివరా చిన్న మెలిక ఉంది. ఆవిడ చేతి మెలిక. కొట్లో కొన్న ఒత్తులు ఆవిడ ఎప్పుడూ వెలిగించలేదు.

"మోకాళ్ళు పోయాక కాలవదాకా నడవలేకపోతున్నాను," అన్నారు, ఎవరికీ చెప్పనట్టుగా. "వసారాలో తొట్టి నిండా నీళ్ళు పోసి, నదులన్నిటినీ పేరుపేరునా పిలిచి, దీపాలు అందులోనే వదులుతున్నాను. తొట్టి వంచేస్తే ఆ తూములోంచి పోతాయి. చెత్తలో వేస్తే నలుగురి కాళ్ళ కిందా పడతాయి కదా. నీళ్ళలో వదిలినవి నీళ్ళవెంట పోతాయనుకున్నాను. గంగమ్మ వచ్చిందనే అనుకున్నాను."

"గంగమ్మ వచ్చిందండమ్మగారూ," అన్నాడు గన్నియ్య. "మా చెల్లెమ్మ వంటింట్లోకి వచ్చింది."

"నోర్మూసుకోరా!" అన్నాడు అబ్బులు.

ఆవిడ కోప్పడలేదు. అయితే ఆవిడ అప్పుడు చేసిన పని చూసి మనుషుల గురించి నాకున్న కొద్దిపాటి జ్ఞానం కూడా పోయింది. ఒక పుల్ల అడిగి తీసుకుని ఆ ముద్దను పాయలు పాయలుగా విడదీయడం మొదలుపెట్టారు. పొలుసు వెతుకుతున్నారు. అంత కళ్ళెదుట కనబడినా, ఒక్క పొలుసు దొరికితే మనసు కుదుటపడుతుందన్నట్టు వెతికారు.

దొరికింది. దొప్ప నారలో అతుక్కుని, చిన్నది, గోరంతది. తీసి వెలుగుకు పెడితే తళుక్కుమంది.

పొలుసు పడితే సాయంత్రానికి సామాను ఎత్తమన్న మాట అందరి చెవుల్లోనూ ఉంది. ఆవిడ మాట తప్పని మనిషని ఆ వీధికంతా తెలుసు. అబ్బులు "అది వీధి కాలవలోంచి ఎగదన్ని..." అని మొదలుపెట్టాడు.

"మాదేనండమ్మగారూ," అంది లోవ. గోడకు ఆనుకుని, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. "వినాయకచవితి తరవాత తెచ్చుకున్నాం. కవర్లో మూటకట్టే పారేత్తానండి ఎప్పుడూ. ఒకటేదో జారిపోయుంటాది. మాదే."

ఎన్ని ఇళ్ళ గొట్టాల్లోంచి ఎన్ని లాగానో మీకు చెప్పాను. తనది కాదని అనగలిగిన చోట, అలా అంటే ఇల్లు నిలబడే చోట, మాదే అన్న మనిషిని నేను అదే చూడటం.

భాస్కరమ్మగారు పొలుసును చాలాసేపు చూశారు. తరవాత ఆ ముద్దకేసి చూశారు. ఒక చేతిలో గోరంత, ఎదురుగా గంపెడు.

"ఇంత మోసిన గొట్టానికి ఇదొక బరువా," అని దాన్ని గొట్టంలోకి విదిల్చారు. అది నీళ్ళలో పడి, నేను చెప్పినట్టే, ముందు తనే పరుగెత్తింది.

"మిగతాదంతా నాదే," అన్నారు.

లోవ లోపలికెళ్ళి చేట తెచ్చింది. కడుపు అడ్డం వస్తుంటే మెల్లగా కూర్చుని, దొప్పలూ ఒత్తులూ చేతులతో ఏరి చేటలోకి ఎత్తసాగింది. ఒక్క అక్షింత కూడా కాలికి తగలకుండా ఎత్తింది. భాస్కరమ్మగారు అది చూస్తూ చూస్తూ తల పక్కకు తిప్పుకున్నారు.

"నువ్వు లే అమ్మా. వంగకు. ఏయ్ అబ్బాయ్, డోలు, నువ్వెత్తు." తరవాత కొంచెం ఆగి అన్నారు. "ఈ గది చెమ్మ. పసిపిల్లకు పనికిరాదు. వెనకవైపు గది తాళం తీస్తాను, సున్నం వేయించుకోండి. పురుడు అక్కడే."

లోవ చేట గన్నియ్య చేతికిచ్చింది. "పురుడంటే మైల కదండమ్మగారూ. మీ పూజకి..."

"ఇన్నాళ్ళూ నీ వంటింట్లో పారింది నా పూజే కదుటే," అన్నారు భాస్కరమ్మగారు. "పదకొండు రోజులు నీ మైల నేను ఓర్చుకోలేనా?"

మెట్లు ఎక్కడానికి దిగినంతకన్నా ఎక్కువసేపు పట్టింది. అబ్బులు చెయ్యి ఇచ్చాడు. మడి సంగతి మరిచిపోయారో, మరిచిపోయినట్టు ఉన్నారో, ఆవిడ ఆ చెయ్యి పట్టుకునే ఎక్కారు.

నిర్మాల్యం వేయడానికి, ఇంటి గచ్చు ముట్టకుండా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో చిన్న గొయ్యి తవ్వారు. తవ్వింది గన్నియ్య. "కడుపుతో ఉన్నది చెల్లెమ్మ. గునపం పట్టకూడనిది బావ. చేతులు బొబ్బలెక్కేది నాకు. ఇదేం శాత్రమో," అని గొణుగుతూనే లోతుగా తవ్వాడు. పోలి పాడ్యమి తెల్లవారుజామున మేళంవాళ్ళ వ్యానులో భాస్కరమ్మగారిని కాలవకు తీసుకెళ్ళి తీసుకొచ్చారని విన్నాను. ఆవిడ ఒడిలో దొప్పలు, పక్కన డోలు, క్లారినెట్.

నన్ను మాత్రం సోమవారమే కొట్టుకు తీసుకెళ్ళారు. పేర్రాజుగారు రెండు చేతులతో పట్టి చూసి, "ఇది స్ప్రింగా, జడ విప్పిన ఆడమనిషా?" అన్నారు. నన్ను ఇంక ఏ గొట్టంలోనూ దించలేరు. అబ్బులు కార్డు అతనికి తిరిగిచ్చేసి, ఖరీదు పుచ్చుకుని నన్నూ ఇచ్చేశారు. పాడైపోయినందుకు నన్ను కొనుక్కున్న మనిషి అబ్బులొక్కడే. పిడి ఊడదీసి మెట్ల కింద పాత సామానులో పడేశాడు. తుప్పు మెల్లమెల్లగా పలకరించసాగింది. ఇంతే కాబోలు, తూకానికి కొనేవాడు వచ్చేదాకా ఇక్కడే అనుకున్నాను. గొట్టంలో ఉన్నా మెట్ల కింద ఉన్నా కదలకుండా ఉండటంలో తేడా ఏమీ లేదు.

మాఘమాసంలో లోవకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రినుంచి తిన్నగా వెనకగదికి వచ్చింది. ఆ పిల్ల గుక్క పట్టి ఏడిస్తే గన్నియ్య, "శ్రుతి నాన్నదే" అన్నాడు. వచ్చిన మర్నాటినుంచి గుడ్డలే గుడ్డలు. ఆరేసే దండెం చాలదు. పెరట్లో ఎండ తక్కువ.

"పైన వసారాలో ఎండ బాగా పడుతుంది. అక్కడ కట్టుకోండి," అన్నారు భాస్కరమ్మగారు. "తాడు లేకపోతే ఆ ఇనుపచుట్ట ఉందిగా మెట్ల కింద."

"మురుగులో పెట్టింది కదండీ!" అంది లోవ.

"అయితే ఏం? కడుగుతాను."

ఆవిడే కడిగారు. చింతపండుతో తోమి, పసుపునీళ్ళు పోసి, పేరుపేరునా నదులన్నిటినీ పిలిచి మరీ కడిగారు. వాటిలో ఏ నది వచ్చిందో నాకు తెలియదు గానీ నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. తరవాత అబ్బులు నన్ను రెండు మేకుల మధ్య బిగించి కట్టాడు.

ఇది విడుదల అని నేను మీతో అనలేను. రెండు కొసలా బంధమే, మధ్యలో లాగుడే. అయితే నేను సాగిపోయి చుట్టలు ఎడం అయ్యాయి కదా, ఆ సందుల్లో గుడ్డ కొస దోపితే గాలికి ఎగిరిపోదు, పిన్నులు అక్కర్లేదు. మొదట ఆ సంగతి కనిపెట్టింది భాస్కరమ్మగారు. అందుకని ఇప్పుడు పిల్ల గుడ్డలు ఆవిడే ఆరేస్తున్నారు. పూజ ముందా, గుడ్డలు ముందా అని ఆవిడ మనసులో ఏం లెక్క వేసుకున్నారో నేను అడగలేదు. భగవంతుడు కూడా అడిగినట్టు లేదు.

ఆరేసిన గుడ్డల్లోంచి నీళ్ళు కారి వసారా గచ్చుమీద పడతాయి. అక్కడినుంచి వాలుకు పాకి తూము దగ్గరకు వెళతాయి. ప్రతిరోజూ ఆ సమయానికి ఆవిడా నేనూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వింటాం.

కింద గొట్టంలో నీళ్ళు దిగుతున్న చప్పుడు వినిపిస్తుంది.